పాత బండి.. కొత్త లెక్క

మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు వెళ్లే రోడ్డు మక్తల్ మీదుగానే పోతుంది. ఆ రోడ్డు పక్కన ఓ గంటసేపు నిలబడితే చాలు.. ఎదురుగా వెళ్లే చిన్న ట్రక్కుల వయసెంతో, వాటి పుట్టిల్లు ఎక్కడో ఇట్టే తెలిసిపోతుంది. జాతకం చూడక్కర్లేదు, నంబరు ప్లేటు చూస్తే చాలు.

ఏపీ 22 అని ఉంటే అది ఉమ్మడి రాష్ట్రంలో, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో రిజిస్టరైన బండి. అంటే కనీసం పదేళ్లు దాటినట్టే. టీఎస్ 06 అని ఉంటే 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చిన తర్వాతది. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాత రోడ్డెక్కిన కొత్త పెళ్లికొడుకు. కేఏ 36 అంటే కృష్ణానది అవతలి రాయచూరు చుట్టం. ఉల్లిగడ్డ బస్తాలు, పాల క్యాన్లు, పత్తి, సిమెంటు, కోళ్ల బుట్టలు, పెళ్లి సామాను.. అన్నీ ఈ బళ్ల మీదే కదలాలి.

ఇప్పుడు మక్తల్ పక్క పల్లెలో ఓ ముప్పై ఏళ్ల కుర్రాణ్ని ఊహించుకుందాం. అతడికి పేరెందుకు, అలాంటి వాళ్లు ఊరికి నలుగురుంటారు. మూడు చక్రాల ట్రాలీ ఆటోతో కూరగాయలు అమ్ముతుంటాడు. చిట్టీ పాడితే లక్షన్నర చేతికొచ్చింది. ఆటో అమ్మేసి నాలుగు చక్రాల బండి కొనాలని కోరిక. కొత్తది కొనే స్తోమత లేదు. పాతదే గతి. అక్కడే ఇంట్లో పంచాయితీ మొదలైంది.

‘‘డీజిల్ బండి తీస్కో అల్లుడూ. బరువు గుంజుతది, నూనె తక్కువ తాగుతది’’ అంటాడు మేనమామ.

‘‘పెట్రోల్‌దే తీస్కో బావా. సప్పుడుండదు, పొగుండదు, రిపేర్లుండవు’’ అంటాడు బామ్మర్ది.

ఎవరి మాట వినాలి? నిజం చెప్పాలంటే ఇద్దరూ తప్పు చెప్పలేదు. కానీ ఇద్దరిలో ఒక్కరు కూడా అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్న ఏమిటో తర్వాత చూద్దాం. ముందు ఈ చిన్న ట్రక్కుల కథ కాస్త తెలుసుకోవాలి.

చిన్న ఏనుగు వచ్చిన వేళ

ఒకప్పుడు పల్లె సరకుకు రెండే దారులు. తక్కువైతే ఆటో, ఎక్కువైతే డీసీఎం. 1980ల్లో డీసీఎం టయోటా కంపెనీ తెచ్చిన ట్రక్కు పేరు తెలంగాణలో ఎంతగా స్థిరపడిందంటే.. ఏ కంపెనీ మధ్యరకం లారీ అయినా మనవాళ్లకు ఇప్పటికీ ‘డీసీఎం’ మాత్రమే. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీలోకి 2005 మేలో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజిన్, ముప్పావు టన్ను బరువు మోసే శక్తి, రెండు లక్షల పాతిక వేలకు అటూఇటూగా ధర. జనం ముద్దుగా ‘ఛోటా హాథీ’ అని పిలుచుకున్నారు. 2012 నాటికి పది లక్షల బళ్లు అమ్ముడయ్యాయి.

ఆ బండి తయారీకి ముందు కంపెనీ బృందం ఊళ్లు తిరిగి ఆటోవాళ్లతో మాట్లాడింది. నాలుగు చక్రాల బండి ఎందుకు కావాలంటే, దాంతో ఊళ్లో మంచి సంబంధాలు వస్తాయని ఓ కుర్రాడు జవాబిచ్చాడట. ప్రాజెక్టును నడిపించిన గిరీశ్ వాఘ్ చెప్పడం వల్ల ఆ మాట వ్యాపార పత్రికలకెక్కింది. మూడు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు మారడం అంటే ఒక్క చక్రం పెరగడం కాదు, పరువు పెరగడం. మక్తల్ కుర్రాడి కోరికలోనూ ఆ పాలు కొంత లేకపోలేదు.

ఆ తర్వాత 2010లో మహీంద్రా మాక్సిమో, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2015లో మహీంద్రా జీతో, 2016లో మారుతి సూపర్ క్యారీ వరసగా వచ్చాయి. దాదాపు అన్నీ డీజిలే. కారణం తెలిసిందే.. ధర. 2012 వేసవిలో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరు మీద ముప్పై రూపాయలకు పైగా తేడా ఉండేది. డీజిల్ మీద సర్కారు రాయితీ నడిచిన రోజులవి. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. తేడా కరుగుతూ వచ్చింది. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల పైచిల్లర, డీజిల్ 95 రూపాయల పైచిల్లర పలికాయి. అంటే తేడా పన్నెండు రూపాయలకు దిగింది.

రెండో మలుపు 2020 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. డీజిల్ పొగను ఆ స్థాయికి శుద్ధి చేయాలంటే ఖర్చెక్కువ. చిన్న బండికి అది భారం. మారుతి తన సూపర్ క్యారీలో 793 సీసీ డీజిల్ ఇంజిన్ మానేసి 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌తో సరిపెట్టుకుంది. టాటా వాళ్లు ఏస్ గోల్డ్‌లో డీజిల్‌తో పాటు 694 సీసీ పెట్రోలు రకం కూడా తెచ్చారు.

అందుకే పాత బళ్ల బజారులో కుర్రాడి ముందు ఉన్నవి రెండు దారులు కాదు, మూడు. ఒకటి: బాగా పాతబడిన డీజిల్ బండి. రెండు: 2020 తర్వాతి పెట్రోలు బండి. మూడు: 2020 తర్వాతి డీజిల్ బండి. పాత పెట్రోలు చిన్న ట్రక్కు కావాలని వెతికితే దొరకడం కష్టం. అప్పట్లో అలాంటివి అరుదు.

నోటి లెక్క, నోటుబుక్కు లెక్క

ఇక అసలు ప్రశ్న. బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది?

మేనమామ స్నేహితుడొకాయన మెకానిక్. ఆయన దగ్గరికి వెళ్తే ముందు అడిగింది ఇదే.

‘‘రోజూ నూరు కిలోమీటర్లు తిరుగుతనే’’ అన్నాడు కుర్రాడు.

‘‘నోటి లెక్క నాకొద్దు. పదిహేను దినాలు రాసి పట్కరా’’ అన్నాడాయన.

రాశాడు. పొద్దున ఆటో తీసేటప్పుడు ఒకసారి, రాత్రి పెట్టేటప్పుడు ఒకసారి మీటరు చూసి స్కూలు నోటుబుక్కులో ఎక్కించాడు. చుట్టుపక్కల పల్లెలు తిరిగిన రోజు పాతిక, ముప్పై. నారాయణపేటకు పోయొస్తే అరవై. దేవరకద్ర ఉల్లి మార్కెట్టుకో, రాయచూరుకో వెళ్లిన రోజే ఎక్కువ. అలాంటి రోజులు పదిహేనింటిలో ఒక్కటే. మొత్తం కూడి భాగిస్తే రోజుకు నలభై తేలింది. నూరు కాదు, నలభై!

ఇప్పుడు లెక్క చూద్దాం. తేలిక కోసం డీజిల్ లీటరు 96, పెట్రోలు 108 అనుకుందాం. సగం బరువుతో ఊళ్ల రోడ్ల మీద డీజిల్ బండి లీటరుకు 16, పెట్రోలు బండి 12 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. డీజిల్ బండికి కిలోమీటరుకు ఆరు రూపాయలు, పెట్రోలు బండికి తొమ్మిది. కిలోమీటరుకు మూడు రూపాయలు డీజిల్‌ది పైచేయి. మామ చెప్పింది నిజమే.

కానీ ఒకే వయసున్న రెండు బళ్లలో డీజిల్‌దే ధర ఎక్కువ. ఆ తేడా 60 వేలనుకుందాం. కుర్రాడి దగ్గర అంత లేదు, అప్పు తేవాలి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. 60 వేలకు నెలకు 1,200.

రోజుకు నలభై చొప్పున నెలకు పాతిక రోజులు తిరిగితే వెయ్యి కిలోమీటర్లు. డీజిల్ వల్ల మిగిలేది 3,000. అందులో వడ్డీ 1,200 పోతే చేతిలో పడేది 1,800. ఈ లెక్కన 60 వేలు తిరిగి రావడానికి 33 నెలలు! అదే రోజుకు నూరు తిరిగేవాడికి నెలకు 7,500 మిగులుతుంది. వడ్డీ పోనూ 6,300. పది నెలల్లోపే తేడా చేతికొస్తుంది. ఇక రోజుకు ముప్పై మాత్రమే తిరిగేవాడికైతే నాలుగున్నరేళ్లు దాటాలి. అప్పటికి బండి ముసలిదై కూర్చుంటుంది.

అదే మార్కెట్టు, అదే ధర, అవే బళ్లు. ఒకరికి డీజిల్ లాభం, ఇంకొకరికి పెట్రోలు లాభం. తేల్చేది ఇంజిన్ కాదు, దారి. ఈ అంకెలు మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు. సరిహద్దు అవతల కర్ణాటకలో డీజిల్ కొన్నేళ్లుగా మనకంటే కాస్త చవక. వారానికి నాలుగుసార్లు రాయచూరు వెళ్లేవాడికి అదీ కలిసొస్తుంది. అందుకే అంకెలు మార్చుకోండి. లెక్క మాత్రం మానకండి.

మరి బాగా పాత డీజిల్ మాటేమిటి? అది చవక, అప్పు అవసరం రాకపోవచ్చు. దాని ఇంజిన్ కట్టుబాటు సాదాసీదా. కంప్యూటర్ పెట్టి చూడాల్సిన పని లేదు, మక్తల్‌లోనే విప్పి బిగించగలరు. కానీ వయసు వయసే. బండి ధరలో మూడో వంతు రిపేర్లకు పక్కన పెట్టుకోగలిగితేనే దాని జోలికి వెళ్లాలి. చేతిలో ఉన్నదంతా పోసి పాత బండి కొని, నెల తిరక్కుండానే పంపు పనికి అప్పు చేసిన ఇళ్లు పల్లెల్లో కొత్త కాదు.

బరువు మాటా చూడాలి. పెట్రోలు ఇంజిన్ గాలినీ ఇంధనాన్నీ కలిపి నిప్పురవ్వతో మండిస్తుంది. డీజిల్ ఇంజిన్ గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే ఇంధనం మండేలా చేస్తుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవాలి కనుక దాని భాగాలు దిట్టంగా ఉంటాయి. తక్కువ వేగంలోనూ బరువు లాగుతుంది. రోజూ నిండు లోడు మోసేవాడికి, కాలువ గట్ల మట్టి దారుల్లో తిరిగేవాడికి డీజిలే నయం. ఆకుకూరలు, పాలు, బేకరీ సరుకు వేసుకుని నాలుగడుగులకోసారి ఆగేవాడికి పెట్రోలు హాయి. 2020 తర్వాతి డీజిల్ బళ్లకు మరో చిక్కుంది. పొగను శుద్ధి చేసే పరికరాలు బాగా వేడెక్కితేనే సరిగా పనిచేస్తాయి. రోజంతా కిలోమీటరు నడిచి ఆగే బండికి ఆ వేడి అందదు.

తెల్లవారకముందే వెళ్లాలి

లెక్క తేలింది కదా అని ఎదురొచ్చిన బండి కొనేయకూడదు. కుర్రాడు మొదట చూసింది కన్సల్టెన్సీలో పెట్టిన ఓ డీజిల్ బండి. రంగు తళతళలాడుతోంది. టైర్లకు నల్ల పాలిష్. మెకానిక్ అవేవీ చూడలేదు. తిన్నగా వెళ్లి ఇంజిన్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

‘‘మనమొచ్చేదాక ఆగలేదేం? పొద్దుగాల్నే ఎందుకు స్టార్ట్ చేసిన్రు?’’ అన్నాడు. అమ్మేవాడు నీళ్లు నమిలాడు. రోగమున్న డీజిల్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దొరికిపోతుంది. అందుకే ముందే వేడి చేసి పెడతారు. పాత బండిని చూడ్డానికి తెల్లారకముందే వెళ్లాలి, చెప్పకుండా వెళ్తే మరీ మంచిది.

ఇంజిన్ ఆన్ చేశాక పొగ రంగు చూడాలి. నల్లటి పొగ ఆగకుండా వస్తే ఇంధనం ఎక్కువ పోతోందనో, గాలి ఫిల్టరు మూసుకుపోయిందనో, నాజిళ్లు పాడయ్యాయనో అర్థం. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, బోరు పని దగ్గర పడ్డట్టే. తెల్లపొగ పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా వస్తుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి చూడాలి. అక్కడి నుంచి పొయ్యిలోంచి వచ్చినట్టు పొగ ఎగదన్నితే రింగులు అరిగిపోయాయన్నమాట. రేడియేటరు మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీళ్ల మీద నూనె తేలితే ఆ బండికి దండం పెట్టి రావచ్చు.

కుర్రాడు చూసిన రెండోది ఏపీ 22 బండి. అది ఆయిల్ మూత దగ్గరే ఆగిపోయింది.

పెట్రోలు బండి పరీక్ష వేరు. స్టార్ట్ చేసి వదిలేస్తే నిలకడగా తిరగాలి, దగ్గకూడదు. డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం తాళం తిప్పగానే వెలిగి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అడగాలి. గ్యాస్ కిట్ బిగించి ఉంటే అది ఆర్సీలో ఎక్కిందో లేదో చూడాలి.

ఏ బండికైనా కిందికి వంగి ఛాసిస్ చూడటం తప్పనిసరి. వెల్డింగ్ అతుకులున్నాయా? కమాన్ పట్టీలు అదనంగా వేశారా? అదనపు పట్టీ కనిపిస్తే ఆ బండి చేత అదనపు బరువు మోయించారని అదే సాక్ష్యం. ముప్పావు టన్ను బండి అంటే యాభై కిలోల బస్తాలు పదిహేను. మన దగ్గర ముప్పై వేసి ‘ఇంకో రెండు పడతయ్’ అనేవాళ్లకు కొదవలేదు. అలాంటి చేతుల్లో పడ్డ బండికి గేర్‌బాక్సు, క్లచ్చు, బేరింగులు అన్నీ ముందే ముసలివైపోతాయి. చివరగా నాలుగైదు బస్తాలు వేసి నడిపి చూడాలి. ఖాళీ బండి ఏదైనా బాగానే పరిగెడుతుంది.

ఇంజిన్ కంటే ఖరీదైన కాగితాలు

ఇంజిన్ పాడైతే బాగు చేయించవచ్చు. కాగితం పాడైతే బండే పోతుంది. మొదటి బండి వద్దనడానికి వెచ్చటి ఇంజిన్ ఒక్కటే కారణం కాదు. అది కేఏ 36 నంబరుది, దాని మీద ఫైనాన్స్ ఇంకా తీరలేదు. ‘తర్వాత చూసుకుందాం’ అన్నాడు అమ్మేవాడు. ఆ ‘తర్వాత’ ఎప్పుడో ఒకరోజు రోడ్డు మీద ఫైనాన్స్ కంపెనీ మనుషుల రూపంలో ఎదురొస్తుంది.

అప్పు తీరినట్టు ఫైనాన్స్ సంస్థ ఇచ్చే పత్రం, 35వ నంబరు ఫారం ముందు చేతిలో పడాలి. అమ్మినవారు, కొన్నవారు సంతకాలు చేసే 29, 30 ఫారాలు ఆర్టీఏలో ఇవ్వాలి. పక్క రాష్ట్రం బండైతే అక్కడి నిరభ్యంతర పత్రం, అంటే 28వ ఫారం తప్పనిసరి. ఇక్కడి పన్ను ఎంతవుతుందో కూడా ముందే కనుక్కోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచాలంటే కొత్త నంబరు తీసుకోవాల్సిందే. పాత చలాన్లు ఎన్నున్నాయో ఈ-చలాన్ వెబ్‌సైట్లో నిమిషంలో తేలిపోతుంది.

బండి కొన్న పద్నాలుగు రోజుల్లో బీమా కూడా మీ పేరుకు మారేలా చూసుకోండి. అమ్మినవారికీ ఇందులో ప్రమాదముంది. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అమ్మేసి చేతులు దులుపుకున్నామనుకునే పాత యజమాని ఎన్నేళ్లయినా కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు.

సరకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన బళ్లకు ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. చవగ్గా వచ్చిందని పదిహేనేళ్ల గీతకు దగ్గరున్న బండి కొనేవారు ఇది మరిచిపోకూడదు.

ఊరటనిచ్చే సంగతులూ ఉన్నాయి. మొత్తం బరువు మూడు వేల కిలోలు మించని సరకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఏస్ లాంటివి ఆ గీత లోపలే ఉంటాయి. పెద్ద పికప్‌లలో కొన్ని దాటతాయి కనుక ఆర్సీలో చూసుకోవాలి. కారు లైసెన్సుతో ఇవి నడపొచ్చా అన్న చిరకాల వివాదాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనానికి మామూలు ఎల్ఎంవీ లైసెన్సు చాలు.

డాలాలో మనుషులు

చివరి మాట ఇంజిన్ గురించి కాదు. పత్తి ఏరడానికి కూలీలను, జాతరకు చుట్టాలను, చావుకు ఊరి జనాన్ని డాలాలో నిలబెట్టి తీసుకెళ్లడం పాలమూరు పల్లెల్లో మామూలే. ‘ఒక్క ట్రిప్పే కదా’ అంటారు. సరకు యజమాని, ఆయన మనిషి తప్ప మిగతావారు సరకు బండెక్కితే బీమా వర్తించదు. సుప్రీంకోర్టు 2002లోనే ఈ మాట చెప్పింది. ఆ ఒక్క ట్రిప్పులో జరగరానిది జరిగితే పోయే ప్రాణాలకు వెల లేదు. పరిహారం కట్టాల్సింది బండి యజమాని. ఊళ్లో పరువు కోసం కొన్న బండే ఇల్లూ పొలమూ అమ్మిస్తుంది.

కుర్రాడు చివరికి కొన్నది మూడో బండి. టీఎస్ నంబరు, 2021 నాటి పెట్రోలుది. తీసుకెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉంది, కాగితాలు చేతికొచ్చాయి. చిట్టీ డబ్బులు, ఆటో అమ్మిన డబ్బులు కలిపితే సరిపోయింది. వడ్డీకి తేవాల్సిన అవసరం పడలేదు. మామకు కాస్త చిన్నబోయినట్టయింది.

‘‘రాయచూరు రోజూ పోయేటట్టుంటే నీ మాటే ఇందును మామా’’ అన్నాడు నోటుబుక్కు చూపిస్తూ.

పడమటి ఆంజనేయస్వామి గుడి ముందు కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలింది. నిమ్మకాయలు నలిగిన చోటే వంగి, మీటరు చూసి, నోటుబుక్కులో కొత్త పేజీ మీద మొదటి అంకె రాసుకున్నాడు. పాత బండి బతికేది మొక్కు మీద సగం, ఆ లెక్క మీద సగం.